గోదారి మీదుగా గోదారి

రాజమండ్రిలో టిఫిను చేసి బయల్దేరితే మధ్యాహ్నం భోజనాల వేళకి అంతర్వేదిలో సముద్రం ముందు నిలబడొచ్చు. దూరం వంద కిలోమీటర్లకు అటూ ఇటూ. కోనసీమ చూద్దామని వచ్చే కార్లు చాలావరకు చేసే పని అదే. పొద్దున ధవళేశ్వరం దగ్గర ఓ ఫొటో, దారిలో పూతరేకుల డబ్బాలు నాలుగు, మధ్యాహ్నం నరసింహస్వామి దర్శనం, చీకటిపడే వేళకి మళ్లీ హైవే. బండిలో నాలుగేళ్ల పిల్లవాడు ఉంటే మాత్రం ఈ లెక్క సాగదు. వాడు కాలువ కనబడ్డ చోటల్లా ఆపమంటాడు. ఆపితే దిగుతాడు. దిగాక అడిగేది ఒక్కటే: ఈ నీళ్లు ఎక్కడికి పోతున్నాయి?

నిజానికి కోనసీమలో అడగాల్సిన ప్రశ్న అదే. ధవళేశ్వరం దిగువన పంటలు, వంటలు, ఊళ్ల మధ్య తగువులు, దేవుళ్ల ఊరేగింపులు అన్నీ నీళ్లు ఎటు పోతున్నాయన్న దాన్ని బట్టే నడుస్తాయి. గుళ్ల జాబితా పట్టుకుని తిరిగే పెద్దల కన్నా నీళ్ల వెంట పడే పిల్లలకే ఈ సీమ ముందుగా అంతుపడుతుంది. సంక్రాంతి సెలవులకు హైదరాబాద్ నుంచి అమ్మమ్మగారి ఊరికి వచ్చిన ఒక కుటుంబం ఈసారి ఆ ప్రశ్న వెంటే బయల్దేరింది. ఏడేళ్ల పాప, నాలుగేళ్ల తమ్ముడు, అమ్మ, నాన్న, స్టేషనుకు ఎదురొచ్చి దారి చూపించే బాధ్యత నెత్తిన వేసుకున్న తాతయ్య.

నీళ్లు మొదట కనబడింది రాజమండ్రి పుష్కర ఘాట్‌లో. ఆగస్టులో ఎర్రమట్టితో ఉరికే గోదావరి జనవరి వచ్చేసరికి తేటపడి, ఒడ్డుల నిండా కదలకుండా ఉంటుంది. పాప చూపు మాత్రం వంతెనల మీద పడింది. 1900లో రైళ్లు మొదలైన హేవ్‌లాక్ వంతెన 1997లో విశ్రాంతి తీసుకుంది. 1974లో వచ్చిన వంతెన మీద కింద రైలు, పైన బస్సు ఒకేసారి పోతాయి. హేవ్‌లాక్ స్థానంలో వచ్చిన కమానుల వంతెనకు 28 కాంక్రీటు విల్లులు. వాటిని లెక్కపెట్టే పని పాపకు అప్పగించారు. పంతొమ్మిది దగ్గర రైలొచ్చింది, లెక్క తప్పింది, మళ్లీ ఒకటి నుంచి మొదలు. తమ్ముడి అనుమానం వేరు.

“తాతయ్యా, నది ఆగిపోయిందేంటి?”

ఆగలేదు, ఆపారు. ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దిగువన, ధవళేశ్వరంలో, 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా పూర్తి చేయించాడు. అంతకు ముందు ఇదే గోదావరి జిల్లా కరువులతో, ఉప్పెనతో జనం వలసపోతున్న సీమ. నది నిండా నీళ్లుండేవి, పక్కనే పొలం ఎండేది. ఎందుకంటే నీరు పల్లంలో, పొలం మెరకలో ఉండేవి. కాటన్ ఆలోచన చెప్పుకోవడానికి చాలా చిన్నది. నదికి అడ్డంగా పొట్టి గోడ కట్టి నీటిమట్టాన్ని కాస్త పైకి లేపడం. అలా లేచిన నీరు తూముల గుండా కాలువల్లో పడుతుంది. అక్కడి నుంచి సముద్రం వైపు ఉన్న సన్నటి వాలు పట్టుకుని తనంత తానే పొలాలకు పోతుంది. మోటారు లేదు, పంపు లేదు.

నది ఇక్కడ లంకల మధ్య నాలుగు పాయలై ఉంది కాబట్టి గోడ కూడా నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. పాత ఆనకట్ట బలహీనపడ్డాక 1970ల్లో మొదలై 1982కి పూర్తయిన ఇప్పటి బ్యారేజీలో ఆ నాలుగింటికీ వరుసగా 70, 43, 23, 39 గేట్లు ఉన్నాయి. మొత్తం ఎన్నో కూడమని నాన్న ఇచ్చిన లెక్కతో పాప బ్యారేజీ రోడ్డు చివరిదాకా వేళ్లు మడుస్తూనే ఉంది. 175 తేలింది. ఆ గేట్లు నిలబెట్టే నీటి మీద దాదాపు పది లక్షల ఎకరాలు పండుతున్నాయి.

ఒడ్డునే ఉన్న కాటన్ మ్యూజియం ఆవరణలో ఆనకట్ట కాలం నాటి ఇనుప యంత్రాలు వరసగా నిలబెట్టి ఉంటాయి. పెద్దవాళ్లు లోపల బొమ్మలూ నమూనాలూ చూస్తారు. పిల్లలు ఆ పళ్లచక్రాల చుట్టూ తిరుగుతారు. గుర్రమెక్కిన కాటన్ విగ్రహం ముందు ఫొటో దిగాక తాతయ్య ఒక మాట చేర్చాడు. “గుర్రమెక్కింది దొరగారే గానీ, కూలీలను పోగేసి పని నడిపించింది మన వీణం వీరన్న గారండోయ్.” కాటన్ దగ్గర పనిచేసిన ఈ తెలుగు ఉద్యోగి పేరు గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు.

ఇక్కడ పిల్లలకు చెప్పదగ్గ అంకెలు ఇంకో మూడు ఉన్నాయి. బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల్లో పెరిగే పిల్లలకు ఇవి ఎక్కాలతో పాటే నోటికి వస్తాయి. 1986 ఆగస్టు వరదలో ఇక్కడి నుంచి 35 లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోయింది. ఆ ఏడు ఇల్లు మునిగినవాళ్లు ఇప్పటికీ గోడ మీద చెయ్యి పెట్టి ఎంతవరకు వచ్చిందో చూపిస్తారు. తాతయ్య కారు తలుపు మీద చూపించాడు. అద్దం పై అంచు దాటి, ఇంకా పైకి.

బ్యారేజీ మధ్యలో బొబ్బర్లంక. కోనసీమ ఇక్కడ మొదలవుతుంది. ఎడమ చేతి వైపు గౌతమి, కుడి చేతి వైపు వసిష్ఠ, రెండింటి నడుమ నుంచి మధ్య డెల్టా ప్రధాన కాలువ. తాతయ్య గట్టు మీద ఇసుకలో పుల్లతో మూడు గీతలు గీసి, కింద అడ్డంగా సముద్రం గీశాడు. పిల్లవాడు నడిమి గీత మీద వేలు పెట్టి “ఇది” అన్నాడు. రెండు పెద్ద పాయలను వదిలేసి కాలువ వెంట పోవాలని అలా తీర్మానమైంది. అది చాలా తెలివైన తీర్మానమని ఐదు రోజుల తర్వాత గన్నవరంలో తేలింది.

కాలువ గట్టు రోడ్డు మీద కారు గంటకు ఇరవై కిలోమీటర్లు దాటదు. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పల్లంలో పొలాలు. సార్వా కోతలై, ధాన్యం ఇళ్లు చేరి, దాళ్వాకు దమ్ము చేస్తున్న రోజులు. కొన్ని మళ్లలో నాట్లు కూడా పడ్డాయి. ఏప్రిల్ దాటాక మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. అందుకే ఎండాకాలం సెలవుల్లో వచ్చే పిల్లలకు ఈ కాలువల్లో బురద, పిల్లకాయలు ఆడే క్రికెట్టు కనిపిస్తాయి. నీళ్లు చూడాలంటే సంక్రాంతికి రావాలి.

లొల్ల లాకుల దగ్గర కాలువ చీలుతుంది. ఒక పాయ అమలాపురం వైపు, ఒకటి గన్నవరం వైపు. సినిమాల్లో చూసిన చోటేనని అమ్మ గుర్తుపట్టింది, పిల్లలకు ఆ సినిమాలు పుట్టక ముందువి. లాకు పని తీరు మాత్రం వాళ్లకు నచ్చింది. పై కాలువకూ కింది కాలువకూ ఎత్తులో తేడా ఉన్న చోట రెండు తలుపుల మధ్య ఒక నీటి గది కడతారు. పడవ ఆ గదిలోకి వచ్చాక వెనక తలుపు మూసి, నీళ్లు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. రోడ్లూ లారీలూ లేని కాలంలో ధాన్యం, కొబ్బరి, పెళ్లివారు, పెట్టెలు అన్నీ ఈ లాకులు ఎక్కి దిగినవే. ఇప్పుడు సరుకు పడవలు లేవు. ఈ మధ్య సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెడుతున్నారు, గట్టు పొడవునా జనం.

ఆత్రేయపురంలో రోడ్డు మీద దుకాణాలన్నిటికీ పూతరేకుల బోర్డులే. పిల్లలతో వచ్చినవాళ్లు డబ్బా కొనుక్కుని వెళ్లిపోకుండా, రేకు తీసే ఇల్లు ఒకటి అడిగి వెళ్లాలి. నున్నటి కుండను బోర్లించి పొయ్యిగా అమర్చుతారు. పక్కన చేసిన కన్నంలోంచి ఎండు కొబ్బరాకులు మంట పెడతారు. జయ రకం బియ్యం నానబెట్టి రుబ్బిన పల్చటి పిండిలో గుడ్డ ముంచి, కాగిన కుండ మీద ఒక్కసారి లాగుతారు. లాగిన చోటే రేకు లేస్తుంది. దాన్ని చిరగకుండా తీయడం ఆ ఊరి ఆడవాళ్ల చేతుల్లో ఉన్న విద్య, ఎన్నో ఇళ్లకు అదే జీవనాధారం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

“అమ్మా, పేపరు తింటారా?” అని పిల్లవాడు అడిగితే పొయ్యి దగ్గరున్నావిడ నవ్వి, వట్టి రేకు ఒకటి చేతిలో పెట్టింది. “తిని సెప్పండి బాబుగారూ.” రేకు అడ్డంగా పెట్టుకుని అక్కను చూశాడు, అక్క కనబడింది. తర్వాత తిన్నాడు. నెయ్యి, బెల్లం పొడి వేసి చుట్టినవి డబ్బాలో ఉన్నా వాడికి ఆ వట్టి రేకే కావాలి.

ర్యాలి అక్కడికి దగ్గరే. జగన్మోహినీ కేశవస్వామి గుడిలో ఒకే శిలకు ముందు వైపు విష్ణువు, వెనక వైపు మోహిని. పిల్లలను గుళ్లో నిలబెట్టడం ఎంత కష్టమో తెలిసిన తల్లిదండ్రులకు ఇది వరం. ముందు చూసి, చుట్టూ తిరిగి, వెనక జడ చూసి, మళ్లీ ముందుకు రావడమే దర్శనం. స్వామి పాదాల దగ్గర ఊరే నీటిని పూజారి చూపిస్తే, నీళ్ల ప్రశ్న అక్కడ కూడా వచ్చింది. వాడపల్లి వెంకన్న దర్శనం మాత్రం వాయిదా పడింది. ఆ రోజు శనివారం. ఏడు శనివారాల మొక్కుబడి జనంతో ఆ దారి కదలదు.

రావులపాలెంలో ఆగింది అరగంట. అరటి మార్కెట్‌లో చక్రకేళి, కర్పూర, అమృతపాణి గెలలు నిలువుగా ఆనించి ఉంటాయి. గెల తనకన్నా పొడుగుందని పిల్లవాడు నమ్మలేదు, పక్కన నిలబెట్టి చూపించాల్సి వచ్చింది.

అంబాజీపేట పక్కనున్న అమ్మమ్మ ఊరు చేరేసరికి భోగి ముందు రోజు సాయంత్రమైంది. పల్లెటూరు చూపించాలని పిల్లల్ని తీసుకొచ్చే తల్లిదండ్రులు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. రోజుకో ఊరు పెట్టుకుంటారు. పిల్లలకు ఊరంటే పెరడు. కొబ్బరాకు చేతికొస్తే అమ్మమ్మ వేళ్లలో వాచీ, కళ్లజోడు, బూర తయారవుతాయి. రాలిన కొబ్బరి మట్ట మీద తమ్ముణ్ణి కూర్చోబెట్టి అక్క ఇల్లంతా లాగుతుంది. భోగి నాటి సాయంత్రం రేగిపళ్లు, చెరుకు ముక్కలు, పూలరెక్కలు, చిల్లర డబ్బులు కలిపి పిల్లవాడి తల మీద పోస్తే, వాడు హారతి అయ్యేదాకా ఆగకుండా రూపాయి బిళ్లలు ఏరడం మొదలుపెట్టాడు. తనకు ఏడేళ్లొచ్చాయి కాబట్టి పొయ్యరన్నందుకు పాప అలిగింది. అమ్మమ్మ దానికీ ఓ దోసెడు పోసింది.

పొద్దున టిఫిను పొట్టిక్కలు. పనసాకులను ఈనెపుల్లలతో బుట్టగా గుచ్చి, అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు. పనసాకు వాసన పిండికి పడుతుంది. ఇడ్లీ తిననని మొండికేసే పిల్లలు ఇవి తింటారు. బుట్ట విప్పుకోవడం ఓ ఆట మరి. పదకొండింటికి కాల్చిన తేగలు. నిలువునా చీల్చి మధ్యలోని చందమామను ఎవరికివ్వాలన్న దగ్గర అక్కాతమ్ముళ్లకు రోజూ తగువే.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారానికి పేరున్న ఊరు. ఊళ్లోకి అడుగుపెడితే డొక్క గుట్టలు, గునపం మీద కాయను పొడిచి రెండు మూడు విసుర్లలో ఒలిచేసే పనివాళ్లు. కాయ లెక్క చేతుల మీదే, ఏ చేతికి ఎన్ని కాయలో వాళ్లకు చూడకుండానే తెలుస్తుంది. ఈ చెట్లలో చాలావాటికి ముప్పై ఏళ్లకు మించి వయసు లేదు. దానికి కారణం 1996 నవంబరు 6 రాత్రి. ఆ తుపాను కోనసీమ మీద లక్షల కొబ్బరి చెట్లను పడగొట్టింది. తాతయ్య తోటలో ఆ రాత్రి నిలిచిన చెట్టు ఒకటుంది. మెడ వంగి, మళ్లీ పైకి తిరిగింది. పిల్లలు ఆ వంపు మీద ఎక్కి కూర్చుంటారు.

కనుమ రోజు కాకి కూడా కదలదంటారు. కోనసీమలో ఆ రోజు శివుళ్లే కదులుతారు. చుట్టుపక్కల 11 ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద మొసలపల్లి దగ్గరి జగ్గన్నతోటకు వచ్చి కలుస్తారు. అక్కడ గుడి లేదు, కొబ్బరి తోట ఉంది. వెదురు కట్టి, రంగు గుడ్డలు చుట్టి, పూలూ గంటలూ వేలాడదీసిన ప్రభలను భుజాల మీద మోస్తూ నాట్లు వేసిన మళ్లలోంచే నడిపిస్తారు. తన చేను తొక్కితే రైతు అదృష్టమనుకుంటాడు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలకు అడ్డంగా కౌశిక కాలువ వస్తుంది. మోసేవాళ్లు మెడలోతు నీళ్లలో దిగి, ప్రభను ఒరగనివ్వకుండా అవతలి గట్టు ఎక్కిస్తారు. గట్టు మీద నుంచి “ఓం శరభ” అని అరుపు. 2023 గణతంత్ర దినోత్సవంలో ఢిల్లీ కర్తవ్యపథ్ మీద ఆంధ్రప్రదేశ్ శకటం ఈ ప్రభల తీర్థమే.

చిన్నపిల్లలతో ఈ తీర్థానికి వెళ్లేవాళ్లు కొన్ని జాగ్రత్తలు ముందే చూసుకోవాలి. మధ్యాహ్నం కాకముందే చేరాలి. పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టాలి. కాలువ గట్టు అంచున నిలబడకూడదు. పండగ మూడు రోజులూ పక్కదారుల్లో కోడిపందేల బరులుంటాయి, వాటి ట్రాఫిక్ తప్పించుకోవాలి. ఇవన్నీ అమ్మ చూసుకుంది. నాన్న పని పిల్లవాణ్ణి భుజం మీద ఎక్కించుకోవడం. కాలువ దాటిన ప్రభ నుంచి నీళ్లు కారుతుంటే వాడు నాన్న జుట్టు పట్టుకుని అరిచాడు. “శివుడు తడిసిపోయాడు!”

ముక్కనుమ మర్నాడు మళ్లీ కాలువ దొరికింది, పి.గన్నవరంలో. బొబ్బర్లంక నుంచి వచ్చిన నీళ్లు ఇక్కడ వైనతేయ ఒడ్డుకు చేరి ఇరుక్కుంటాయి. వైనతేయ అంటే వసిష్ఠ నుంచి చీలిన పాయ. అవతల రాజోలు సీమ, అక్కడి పొలాలకూ ఈ నీళ్లే కావాలి. మధ్యలో నది. కాలువ నదిలో కలిస్తే నీళ్లన్నీ సముద్రం పాలు.

పాప చాలాసేపు ఆలోచించి “బకెట్లతో?” అంది.

వంతెన కట్టి దాని మీద నీళ్లను నడిపించారు. 1850ల్లో కాటన్ దగ్గర పనిచేసిన యువ ఇంజినీరు హేగ్ 49 కమానులతో అక్విడక్టు లేపాడు. దాదాపు నూట యాభై ఏళ్లు పనిచేశాక 2000లో పక్కనే కొత్తది వచ్చింది. నడిమి రెయిలింగు పట్టుకుని చూస్తే పైన తొట్టిలో ధవళేశ్వరం నుంచి తెచ్చిన గోదావరి, కింద కమానుల్లోంచి పాయగా వచ్చిన గోదావరి. రెండూ ఒకదాన్నొకటి తాకకుండా దాటుకుంటాయి. పైన పోయేది పొలానికి, కింద పోయేది సముద్రానికి. ఇసుకలో గీసిన నడిమి గీత ఇంకో గీతను దాటడం పిల్లలు ఇక్కడ కళ్లారా చూశారు. ఎడమ పక్క నుంచి ఎండుపుల్ల వేసి కుడి పక్కకు పరుగెత్తే ఆట ఎంతసేపు సాగిందో చెప్పడానికి నాన్న ఫోన్‌లోని వీడియోలే సాక్ష్యం.

కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చి, 1909లో పోయేవరకూ ఇంటికి వచ్చినవాళ్లకు వేళాపాళా చూడకుండా అన్నం పెట్టిన ఇల్లాలు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం నాడు ఆమె ఫొటో కావాలని కబురొచ్చిందన్న కథ ఇక్కడ ఇంటింటా చెబుతారు. పిల్లలకు మాత్రం తాతయ్య ఇంకో కథ ఎంచుకున్నాడు. ఇల్లు విడిచి ఎక్కడికీ వెళ్లని సీతమ్మ ఒకసారి అంతర్వేది స్వామిని చూద్దామని పల్లకీలో బయల్దేరిందట. దారిలో ఆగిన చోట ఇంకో గుంపు ఎదురైంది. అందులో పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు. కాసేపు ఓర్చుకోండి, గన్నవరం వచ్చేసింది, సీతమ్మగారింట్లో భోంచేద్దాం అని పెద్దవాళ్లు ఊరడిస్తున్నారు. ఆమె బోయీలతో పల్లకీ వెనక్కి తిప్పించింది. వాళ్లు చేరేలోపు తను ఇంట్లో ఉండి పొయ్యి వెలిగించాలి కదా.

“మరి దేవుణ్ణి చూడలేదా?” పాపకు అది మింగుడుపడలేదు. “చూళ్లేదు,” అన్నాడు తాతయ్య. ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనానికి 2024లో పెట్టిన పేరు ఈమెదే. కథ మధ్యలోనే ఆకలేస్తోందన్నవాడికి గట్టు మీదే పెరుగన్నం డబ్బా తెరిచారు.

అక్విడక్టు దాటాక దారి రాజోలు వైపు. ఇక్కడి పచ్చదనం కింద గ్యాసు ఉంది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నుంచి ఎగసిన మంట 65 రోజులు ఆరలేదు. రాత్రులు పగళ్లయ్యాయని ఆ చుట్టుపక్కల పెద్దవాళ్లు చెబుతారు. 2014 జూన్‌లో నగరం ఊళ్లో గ్యాసు పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. పిల్లలకు ఈ రెండో కథ చెప్పలేదు. దారిలో కనబడిన పసుపు పైపుల గురించి మాత్రం, వాటి దగ్గర ఆడకూడదని చెప్పారు.

మలికిపురం మండలంలో పిల్లవాడి ప్రశ్నకు సగం జవాబు దొరికింది, అంత బాగున్నది కాదు. డెల్టాలో పొలం ఒక పక్క పంటకాలువ నుంచి నీరు తీసుకుని, రెండో పక్క మురుగుకాలువలోకి వదులుతుంది. మురుగుకాలువలన్నీ సముద్రంలోకి పోతాయి. పోటు వేళ సముద్రం అదే దారిన వెనక్కి వస్తుంది. శంకరగుప్తం డ్రైను వెంట ఉప్పునీరు ఇలా ఎగదన్ని, కేశనపల్లి చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో చెట్లు తలలు రాల్చి మోళ్లుగా నిలబడ్డాయి.

“ఈ చెట్లకు జుట్టేది తాతయ్యా?”

“ఉప్పు తాగేశాయిరా నాన్నా.” అంతకు మించి చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. అంబాజీపేటలో తన చెట్లున్న చోటుకు ఉప్పునీరు రాలేదు. ఇక్కడున్న బంధువుల చెట్లు పోయాయి.

దిండిలో వసిష్ఠ వెడల్పుగా విచ్చుకుంటుంది. ఒడ్డున టూరిజం కాటేజీలు, హౌస్‌బోట్లు. పిల్లల కొలత లైఫ్ జాకెట్ చూపిస్తేనే ఎక్కుతామని అమ్మ పట్టుబట్టింది. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల పర్యాటకుల పడవ మునిగిన సంగతి గోదావరి జిల్లాల్లో ఏ తల్లీ మరిచిపోలేదు. జాకెట్ తెచ్చారు. పిల్లవాడికి అది మోకాళ్ల దాకా వచ్చింది. గంటసేపు తిరిగిన పడవలో అందరికన్నా బిగ్గరగా మాట్లాడిందీ వాడే.

అంతర్వేదిలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది, 2021 ఫిబ్రవరి కల్యాణాలకు కొత్తది సిద్ధమైంది. సీతమ్మ చూడలేకపోయిన దేవుడు ఈయనేనా అని పాప రెండుసార్లు అడిగి, దండం పెట్టింది. గుడి నుంచి లైట్‌హౌసు మీదుగా ఇసుక దారి పట్టుకుంటే నదీ సముద్రమూ కలిసే చోటు. అక్కడి ఇసుకమేటను అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఒక పక్క కెరటాలు విరుగుతుంటే రెండో పక్క నది మట్టంగా ఉంటుంది. స్నానానికి మంచి చోటు కాదు, కాలి కింద ఇసుక జారుతుంది. చీలమండ దాకా చాలు.

పిల్లవాడు నదివైపు నీళ్లు నాలిక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. ఉప్పు. పై నుంచి వచ్చే నీరు తగ్గిపోయిన జనవరిలో వసిష్ఠ ఇక్కడ చాలావరకు సముద్రమే. వల సర్దుకుంటున్న ఒకాయన వీళ్లను చూసి పలకరించాడు. నీళ్లు ఎటు పోతున్నాయని వాడు ఆయన్ని కూడా అడిగాడు.

“ఇప్పుడు పోటండి బాబుగారూ. ఎనక్కి పోతన్నాయి.”

నమ్మకపోతే చూసుకోమన్నట్టు నీటిలో తేలుతున్న కొబ్బరి డొక్కను చూపించాడు. డొక్క నిదానంగా ఎగువకు, నర్సాపురం వైపు పోతోంది. ఇన్ని రోజులూ కిందికే పోయిన నీళ్లు వెనక్కి తిరగడం చూసి అక్కాతమ్ముళ్లిద్దరూ దాని వెంట గట్టు మీద పరుగు పెట్టారు. వాళ్ల వెనక నాన్న, చెప్పులు చేత్తో పట్టుకుని.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కారు. ఇక్కడ వసిష్ఠ మీద వంతెన లేదు. దశాబ్దాలుగా అడుగుతూనే ఉన్నారు. వంతెన వచ్చేదాకా మనుషులు, మోటారుసైకిళ్లు, కార్లు, పాలక్యాన్లు అన్నీ కలిసి పంటు మీదే నర్సాపురం చేరాలి. పెద్దవాళ్లకు అది ఆలస్యం. పిల్లలకు ఈ సెలవుల్లో ఇంతకన్నా గొప్ప బండి దొరకలేదు, ఎందుకంటే కారు కూడా పడవెక్కింది. అవతలి ఒడ్డున తాతయ్య సెలవు తీసుకున్నాడు. చీకటి పడకముందు మళ్లీ అదే పంటులో వెనక్కి వెళ్లాలి.

నర్సాపురంలో రైలుకు ఇంకా టైముంది. ఇక్కడి ఆడవాళ్లు ఇళ్లల్లో సూదితో అల్లే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఈ చేతిపని విదేశాల బల్లల మీదికి వెళుతోంది, అల్లినవాళ్లకు దక్కేది తక్కువన్న సంగతి మీద 1982లోనే మరియా మీస్ అనే పరిశోధకురాలు ఒక పుస్తకం రాసింది. అమ్మ ఓ బల్లగుడ్డ కొంది. పాప అందులో కన్నాలు లెక్కపెట్టబోయి మానేసింది.

స్టేషన్లో నిలబడ్డ రైలు మీద నాగర్‌సోల్ అని రాసి ఉంది. పాప కూడబలుక్కుని చదివి, అదెక్కడని అడిగింది. మహారాష్ట్రలో, నాసిక్ జిల్లా అని నాన్న చెప్పాడు. గోదావరి పుట్టే త్ర్యంబకం కూడా ఆ జిల్లాలోనిదే. అక్కడి నుంచి నది 1,465 కిలోమీటర్లు నడిచి, అంతర్వేదిలో వాళ్లు నిలబడ్డ చోట ఆగింది.

“అంటే ఈ రైలు గోదారి మొదలయ్యే చోటికి పోతుందా?”

“దగ్గర దాకా.”

“మరి మనం సికింద్రాబాద్‌లో ఎందుకు దిగడం?”

“టికెట్టు అక్కడికే తీశాం కాబట్టి,” అన్నాడు నాన్న. వచ్చే సంక్రాంతికి అటు తీస్తావా అని తమ్ముడు అడిగాడు. అమ్మ తేగల సంచి పై బెర్తు మీదికి నెడుతూ, ముందు ఎల్లుండి బడికి వెళ్లమంది.